ఏడో గడి

మార్చి 3, సోమవారం

అత్తగారు ఫోన్ చేశారు. పలకరింపు లేదు.

"అల్లుడుగారూ, ఇరవై మూడు."

"ఏమిటండీ?"

"గుండె దడ మాత్రలు. ఈ రోజుది వేసుకోగా మిగిలినవి. నెలనెలా అమ్మాయి పంపేది. ఇక మీరు పంపుతారా, లేకపోతే నన్నే పంపించేస్తారా?"

పంపుతానన్నాను. ఆ మాత్ర ఒక్కరోజు మానినా ప్రమాదమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆవిడ ఉండే కొండ మీది ఊళ్ళో ఒకటే మందుల షాపు. దగ్గు మందు, కాళ్ళ నొప్పుల నూనె తప్ప అక్కడ ఏమీ దొరకవు. డాక్టరు ఇక్కడ, మందు ఇక్కడ, గుండె అక్కడ.

మందులు పోస్టులో పంపడం నాకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. తపాలా ప్రధాన కార్యాలయంలో, నిబంధనల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. 'మందుల రవాణా: సూచనలు' అనే నలభై పేజీల పుస్తకం నేను రాసిందే. పార్సెల్ నాలుగు రోజుల్లో చేరుతుంది. సర్ది పోస్టు చేయడం రెండు రోజుల్లో తేలిపోయే పని.

ఈ డైరీ రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు ఇచ్చింది. నాలుగేళ్ళుగా ఖాళీగా ఉంది.

నీలం గళ్ళ చొక్కా కనిపించడం లేదు.

మార్చి 4, మంగళవారం

మూడు వారాల క్రితం మంగళవారం ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. నేనొక్కణ్ణే తిరిగి వచ్చాను.

ఈ రోజుకి ఇంతే.

మార్చి 5, బుధవారం

ముప్పై మాత్రలు కొన్నాను. మూడు షీట్లు. మందుల చీటీ నకలు తీయించాను. ఇంటికి వచ్చి నా పుస్తకం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. మాత్రలు షీటులోంచి తీయరాదు. విడి మాత్రలు సంచిలో పోసి పంపరాదు. రోగి పేరు షాపు లేబులు మీద, చీటీ మీద, పార్సెల్ మీద ఒకేలా ఉండాలి. లోపలి వస్తువు కదలరాదు. మూడడుగుల ఎత్తు నుంచి జారవిడిచినా చెడరాదు.

చెప్పుల అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ పేపరు ఉండలు కుక్కి, బల్ల మీంచి జారవిడిచాను. రెండు మాత్రలు రేకు చింపుకుని బయటికి వచ్చాయి. ఒకటి మంచం కిందికి పోయింది. ఇంకో షీటు తెచ్చి, ఇంకా ఉండలు కుక్కి మళ్ళీ విడిచాను. పెట్టె మూల నలిగింది, లోపల షీటు వంగింది.

ఈ నిబంధన రాసినప్పుడు ఎవరూ ఏదీ జారవిడిచి చూసినట్టు లేదు.

ఆమె ఒక రేకు డబ్బాలో పంపేది. ఆదివారం పొద్దున ఈ బల్ల మీదే సర్దేది. నేను ఎదురుగా పేపరు చదువుతూ ఉండేవాణ్ణి. ఎలా సర్దేదో చూడలేదు.

ఆ డబ్బా ఇప్పుడూ బల్ల మీదే ఉంది. ఖాళీ డబ్బాను అత్తగారు ప్రతిసారీ తిరుగు టపాలో పంపుతారు. ఈసారిది ఆ మంగళవారం మర్నాడు వచ్చింది. పైన గుడ్డ కుట్టి, గుడ్డ మీద ఆమె పేరు. ఇతరుల టపా తెరవడం నేరం. ఆ నిబంధన నేను రాసింది కాదు. అంతకు ముందు నుంచీ ఉంది.

మార్చి 6, గురువారం

పోస్టాఫీసుకి వెళ్ళాను. నాలుగో కౌంటరులో ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. పెట్టె అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీరు పంపకూడదు సార్."

"ఎందుకని?"

"నెలనెలా మందులు పంపేవాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలి. అనుబంధం మూడు."

"అనుబంధం మూడు రాసింది నేనేనమ్మా."

"రాసినవాళ్ళు చదవరు సార్. చదవాల్సింది మేం."

ఒక రోగికి ఒక్కరే పంపాలి. ఇద్దరు పంపితే రోగి రెండింతలు మింగే ప్రమాదం ఉంది. పాత పేరు తీసేస్తేనే కొత్త పేరు ఎక్కుతుంది. సరైన నిబంధనే.

ఆవిడ రిజిస్టరు తెరిచింది. పదకొండేళ్ళ సంతకాలు, నెలకొకటి. అన్నీ ఆమెవి. మొదటి పేజీలో 'సూచనలు' అన్నచోట ఆమె గుండ్రటి అక్షరాలు: 'ఈ ఫారం రాసిన పెద్దమనిషి మా ఇంట్లోనే ఉన్నారు. అయినా అర్థం కాక మూడుసార్లు తిరిగాను.'

"ఇది నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాను.

"అక్క వద్దంది సార్. ఆయనకి తెలిస్తే సవరణ తెస్తారు, ఇంకో నాలుగు గడులు పెరుగుతాయి అంది."

వెనక వరసలో ఎవరో నవ్వారు.

పేరు మార్పు కోసం ఫారం తొమ్మిది తీసుకుని అక్కడే నింపాను. ఏడో గడి: 'పూర్వపు నమోదుదారు విరమణకు కారణం. ఒకే మాటలో, స్పష్టంగా. అలంకారాలు, మెత్తని మాటలు అంగీకరించబడవు.' ఆ వాక్యం నాది. అప్పట్లో పై అధికారి మెచ్చుకున్నాడు.

అది వదిలేసి ఇచ్చాను.

"ఏడో గడి వదిలేశారు సార్."

"అందరికీ తెలిసిందాన్ని రాయడం దేనికమ్మా?"

"తెలిసినా రాయాలని మీరే రాశారు కదా సార్."

ఖాళీగానే పంపమన్నాను. ప్రధాన కార్యాలయంలో నన్ను ఎరగనివాళ్ళు లేరు.

మార్చి 8, శనివారం

చొక్కా కోసం ఇల్లంతా వెతికాను. రెండు బీరువాలు, మంచం కింద, ఉతకాల్సిన బట్టలు. మంచం కింద మాత్ర దొరికింది. చొక్కా లేదు. కుట్టుబుట్ట ఒక్కటే చూడలేదు. చొక్కా కుట్టుబుట్టలో ఎందుకుంటుంది?

మార్చి 11, మంగళవారం

నెల.

ఫారం తిరిగి వచ్చింది. 'ఏడో గడి ఖాళీ.'

మార్చి 12, బుధవారం

ఏడో గడిలో 'ఊళ్ళో లేరు' అని రాశాను. అబద్ధం కాదు.

కౌంటరులో ఆవిడ చదివి, నా వైపు చూసి, ఏమీ అనకుండా సంచిలో వేసింది. ఏదైనా అంటే బాగుండేది. జవాబు సిద్ధంగా పెట్టుకుని వెళ్ళాను.

మార్చి 14, శుక్రవారం

"పన్నెండు" అన్నారు అత్తగారు.

"ఆఫీసు జాప్యమండీ. నా చేతుల్లో లేదు."

"మీ ఆఫీసేగా?"

"ఇప్పుడు కాదండీ."

"పోనీ మీరే తెచ్చివ్వకూడదూ? పన్నెండు గంటల బస్సు ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుంటే అదే తీసుకొస్తుంది."

"మోకాలు నొప్పండీ."

"ఏ మోకాలు?"

"కుడిది."

"డబ్బా అందిందా?"

"అందింది."

"తెరిచారా?"

"మీ అమ్మాయి పేరు మీద ఉందండీ."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"అయితే?" అన్నారు. ఫోన్ పెట్టేశారు.

అత్తగారి ఇంటి వరండా గోడ మీద ఆమె ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు ఉన్నాయి. అయిదో ఏటి నుంచి పదహారో ఏటి దాకా. మోకాలు నొప్పి నిజమే.

సాయంత్రం వీధి చివరి కొరియర్ కొట్టుకి వెళ్ళాను. కొట్టతను పెట్టె చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"మందులా? పుస్తకాలని రాసేద్దాం అంకుల్. అందరూ అలాగే పంపుతారు."

"దారిలో తడిస్తే? ఎండలో పడి ఉంటే? వేరేవాళ్ళ చేతికి పోతే?"

"పుస్తకాలే కదా అంకుల్, ఏమవుతాయి?"

అప్పుడే తను అన్న మాట అప్పుడే నమ్మేశాడు. పెట్టె తీసుకుని వచ్చేశాను. ఉన్నది ఉన్నట్టు రాయలేని మనుషుల చేతికి గుండె మందు ఎలా ఇస్తాం?

మార్చి 17, సోమవారం

తిరిగి వచ్చింది. ఈసారి పొడుగు నోట్.

'పూర్వపు నమోదుదారు ఊళ్ళో లేరని తెలిపినారు. ఎప్పుడు తిరిగి వచ్చెదరో తెలుపవలెను. తిరిగి వచ్చు పక్షమున కొత్త నమోదు అవసరము లేదు.'

భాష చక్కగా ఉంది. నా దగ్గర నేర్చుకున్నదే.

పెన్ను మూత తీశాను, పెట్టాను. భోజనం చేశాను. మళ్ళీ తీశాను. చివరికి 'విరమణ' అని రాశాను. విరమణకు కారణం, విరమణ. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు రాస్తారు?

తొమ్మిది.

మార్చి 19, బుధవారం

ఎదురు చూసే వ్యవధి లేదు. ఏడు మిగిలాయి. ప్రధాన కార్యాలయానికి నేనే వెళ్ళాను.

నా కుర్చీలో ఇప్పుడు ఉన్నతను నా కింద పన్నెండేళ్ళు పనిచేశాడు. కుర్చీకి కొత్త దిండు వేయించుకున్నాడు. నన్ను చూసి గబగబా లేచాడు.

"గురువుగారూ! కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా."

"ఫారం ఎందుకు వెనక్కి కొడుతున్నావు?"

"మీ నిబంధనే సార్."

"నా నిబంధన సంగతి నాకు తెలుసు. తల మీద కళ్ళున్నాయి కదా, ఎవరి ఫారమో కనపడటం లేదా?"

అతను తల దించుకున్నాడు. సొరుగులోంచి ఒక పాత కాగితం తీసి, నాకు ఇవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించి, బల్ల మీద పెట్టాడు. తొమ్మిదేళ్ళ నాటి ఫారం తొమ్మిది, నకలు. ఎవరో ఒకాయన ఏడో గడిలో 'ఆమె ఇక లేదు' అని రాశాడు. దాని కింద ఎర్ర సిరాతో నా చేతిరాత: 'ఎక్కడ లేదు? స్పష్టపరచవలెను.'

"నోట్ ఎలా రాయాలో చూపించడానికి కొత్తగా చేరినవాళ్ళకి ఇదే ఇస్తాం సార్. క్లుప్తంగా ఉంటుంది."

"ఆయన తర్వాత ఏం రాశాడు?"

"మళ్ళీ రాలేదు సార్. ఫైలు మూసేశాం."

ఎవరికి మందులు పంపుతున్నాడో ఆ మనిషి. వాళ్ళకి చేరాయో లేదో.

ఆ నోట్ రాసిన రోజు గుర్తుంది. సాయంత్రం ఇంట్లో ఈమెకి గొప్పగా చెప్పాను. వడ్డిస్తున్నదల్లా ఆగింది. "ఆ చేత్తోనే భోజనం చేస్తారా?" అంది. సిరా అంటిందనుకున్నాను. వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చాను.

"మీరు సంతకం పెట్టండి చాలు సార్" అన్నాడు అతను. "ఏడో గడి నేను నింపేస్తాను."

"దరఖాస్తుదారు స్వహస్తంతో నింపాలి" అన్నాను. కొత్త ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మార్చి 20, గురువారం

ఫారం బల్ల మీద ఉంది. పక్కన ఆమె పార్సెల్. పక్కన నలిగిన చెప్పుల పెట్టె. భోజనం చేయడానికి చోటు లేదు. వంటింట్లో నిలబడి తిన్నాను.

సాయంత్రం ఫోన్.

"ఆరు. మోకాలు ఎలా ఉంది?"

"ఎడమది కాస్త తగ్గిందండీ."

"మొన్న కుడిదన్నారు."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఏమిటి అడ్డం అల్లుడుగారూ? నాకు అర్థమయ్యేలా చెప్పండి."

చెప్పాను. ఫారంలో ఒక గడి ఉందని, దాంట్లో ఒక మాట రాయాలని, ఆ మాట తప్ప అన్నీ రాసి చూశానని. ఇంత పొడుగు వాక్యం ఈ నెలలో ఎవరితోనూ అనలేదు.

ఆవిడ దగ్గారు. నీళ్ళు తాగిన చప్పుడు వినపడింది.

"ఇక్కడ కూడా ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు, పోయిన వారం. కుటుంబ సభ్యుల జాబితాట. అమ్మాయి పేరు కొట్టేసి, పక్కన ఎందుకో రాయమన్నాడు. రాశాను. చెయ్యి వణికింది. పాపం, 'పెద్దవారు కదా, మెల్లగా రాయండి' అన్నాడు. అవును నాయనా, వయసు వణుకు అన్నాను."

"అత్తయ్యగారూ..."

"అదేం పెద్ద మాట కాదు నాయనా. రాసేటప్పుడే పొడుగు. నువ్వింకా చిన్నవాడివి, నీ చెయ్యి వణకదు. రాయి."

ముప్పై నాలుగేళ్ళలో నన్ను మొదటిసారి 'నువ్వు' అన్నారు.

మార్చి 21, శుక్రవారం

రాశాను.

అదే రోజు, సాయంత్రం

ఇంట్లో కుదరలేదు. పొద్దున ప్రధాన కార్యాలయం వరండాలో, బెంచీ మీద కూర్చుని రాశాను. పెన్నుకి దారం కట్టి ఉంది. దారం పొట్టిది. వంగి రాయాలి. ఈ దారం ఎంత పొడుగుండాలో కూడా ఒకప్పుడు నేనే నిర్ణయించాను.

మరణం.

మూడక్షరాలు. ఎలా కనపడుతుందో చూద్దామని ఇక్కడ కూడా రాశాను. చెయ్యి వణికింది. అత్తగారి లెక్క తప్పు.

లోపల అతను చదివి, నిలబడి స్టాంపు వేశాడు. కూర్చునే వేయవచ్చు. నిలబడాలని ఎక్కడా లేదు.

ఇంటికి వచ్చాను. చిరునామాదారు మరణించిన పక్షంలో టపా భార్యకు గాని భర్తకు గాని చెందుతుంది. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. కత్తెర తెచ్చి పార్సెల్ కుట్లు విప్పాను.

రేకు డబ్బా. లోపల ఉతికి మడిచిన నీలం గళ్ళ గుడ్డ. విప్పితే, చొక్కా చేయి. చివర బొత్తాంతో సహా. దాని మీద చీటీ.

'అమ్మాయీ, మాత్రలు చేరాయి. ఒక్కటీ చెదరలేదు. చుట్టిన గుడ్డ చూస్తే మీ ఆయన చొక్కా చేయిలా ఉంది. ఆయనకి తెలుసా? ఒంటి చేతి చొక్కా వేసుకుని వీధిలోకి వెళ్ళగలరు, కాస్త కనిపెట్టి ఉండు. ఆయన అసలే దేన్నీ చూసుకోరు.'

చీటీ రెండుసార్లు చదివాను. తర్వాత కుట్టుబుట్ట తెరిచాను.

చొక్కా పైనే ఉంది. కుడి చేయి మోచేతి పైన కత్తిరించి, అంచు సన్నగా కుట్టి ఉంది. ఎడమ చేయి మీద సుద్దతో గీత. పొట్టి చేతుల చొక్కా చేసే ఉద్దేశంతో మొదలుపెట్టింది. డబ్బా పంపిన ఆదివారం ఒక చేయి అయింది. రెండోది అయ్యేలోపు ఆ మంగళవారం వచ్చింది.

గీత వెంబడి కత్తిరించాను. అంచు కూడా నేనే కుట్టాను. వంకరగా వచ్చింది. అరగంట పట్టింది.

ఒక చేయి డబ్బాలో కింద పరిచాను. షీట్లు, మధ్యలో చీటీ నకలు. రెండో చేయి పైన. మూత పెట్టి ఊపాను. చప్పుడు లేదు. బల్ల మీంచి జారవిడిచాను. తెరిచి చూశాను. ముప్పై మాత్రలూ ఎక్కడివక్కడే.

నలభై పేజీల పుస్తకంలో చొక్కా చేయి ప్రస్తావన ఎక్కడా లేదు.

నాలుగింటికి కౌంటరు మూస్తారు. ఆ చొక్కానే వేసుకుని మూడూ నలభైకి వెళ్ళాను. ఆవిడ ఫారం చూసింది. ఏడో గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, రిజిస్టరు నా వైపు తిప్పింది. ఆమె చివరి సంతకం కింద నేను సంతకం పెట్టాను. 'సంబంధం' అన్నచోట ఆమెది 'కూతురు'. నాది 'అల్లుడు'.

"కొత్త చొక్కానా సార్?" అంది ఆవిడ, రసీదు చింపుతూ.

"పాతదేనమ్మా. చేతులు పోస్టులో పంపిస్తున్నాను."

నవ్వాలో వద్దో తెలియక రసీదు రెండుసార్లు ఇచ్చింది.

మార్చి 25, మంగళవారం

"ఒకటి మిగిలి ఉండగా వచ్చింది" అన్నారు అత్తగారు. "పోస్టాయనకి నీళ్ళిచ్చి కూర్చోబెట్టాను."

"అన్నీ బాగున్నాయా?"

"ఒక్కటీ చెదరలేదు. రెండు చేతులూ వచ్చాయి. ఇక ఒంటి మీద చొక్కా అంటూ ఉందా అల్లుడుగారూ?"

మళ్ళీ గారు. మళ్ళీ మీరు. అదే నయం.

"ఉందండీ. మోచేతుల దాకా ఉంది."

నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. లైను పోయిందని ఈసారి అనుకోలేదు.

"డబ్బా వెనక్కి పంపాలి. ఎవరి పేరు మీద రాయను?"

"నా పేరు మీద రాయండి."

"రాస్తాను. పిన్‌కోడ్ అదేగా?"

"అదేనండీ."

మార్చి 31, సోమవారం

డబ్బా వచ్చింది. గుడ్డ మీద నా పేరు. వెంటనే తెరిచాను.

లోపల రెండు చేతులూ ఉన్నాయి. ఉతికి, ఇస్త్రీ చేసి. చీటీలో ఒకటే వాక్యం: 'ఎండలయ్యాక చలికాలం వస్తుంది, కుట్టించుకోండి.'

కుట్టించను. వచ్చే ఆదివారం చుట్టడానికి కావాలి.